సిటీ చార్టర్ సవరణలో స్కూల్ బోర్డు మాట ఎలా చేర్చాలి?

నమస్కారం. మాది టెక్సస్‌లో డాలస్ దగ్గర ఒక ఊరు. సిటీ చార్టర్ (ఊరి పాలనకు మూల నియమావళి) సవరణకు నివాసులతో వేసిన కమిటీలో నేనూ ఉన్నాను. కొత్త ఇళ్లకు అనుమతిచ్చేది సిటీ, ఆ ఇళ్లలోని పిల్లలకు బడి చూడాల్సింది స్కూల్ డిస్ట్రిక్ట్, దాన్ని నడిపేది స్కూల్ బోర్డు. ఇక్కడ రెండూ వేర్వేరు వ్యవస్థలు, స్కూల్ బోర్డును ఆదేశించే అధికారం సిటీ చార్టర్‌కు లేదు. కానీ పెద్ద ప్రాజెక్టులను ఆమోదించేముందు బోర్డు అభిప్రాయం అడగాలని సిటీకే నియమం పెట్టొచ్చు కదా? మీ ఊరి చార్టర్‌లో అలాంటిది ఉంటే ఏ మాటల్లో రాశారో చెప్పండి. ఓటర్లు ఒకసారి ఆమోదిస్తే రెండేళ్ల దాకా మళ్లీ సవరించలేం, అదే టెన్షన్.

ఇంకొకటి. మనవాళ్లలో చాలామందికి ఇక్కడ ఓటు లేదు, పిల్లలు మాత్రం ఈ బళ్లలోనే చదువుతున్నారు. వాళ్లను మీటింగులకు రప్పించడానికి మీ దగ్గర ఏం చేశారు?