బై-డిస్ట్రిక్ట్ ఎన్నికలు: ‘జిల్లా’ అనకుండా తెలుగులో ఎలా చెప్పాలి?

చుక్కలముగ్గు:
అందరికీ నమస్కారం. ఒక మాట సాయం కావాలి. నేనుండేది కాలిఫోర్నియా బే ఏరియాలో. మాకు నీళ్ళిచ్చే స్థానిక సంస్థ తన బోర్డు ఎన్నికల పద్ధతి మార్చుకుంటోంది. ఇన్నాళ్ళూ ఐదుగురు డైరెక్టర్లకీ సంస్థ పరిధిలోని ఓటర్లంతా ఓటేసేవాళ్ళు. దీన్ని ఎట్-లార్జ్ అంటారు. ఇకనుంచి పరిధిని ఐదు ముక్కలు చేసి, ఏ ముక్కవాళ్ళు ఆ ముక్కలో ఉండే ఒక్కరినే ఎన్నుకుంటారు. ఇది బై-డిస్ట్రిక్ట్. ఇక్కడ ఓటున్న తెలుగు పెద్దవాళ్ళ కోసం ఒక పేజీ నోటీసు తయారు చేస్తున్నాం. మొదటి ప్రతిలో ఎవరో “మన నీటి జిల్లా ఇకపై జిల్లాల వారీ ఎన్నికలకు మారుతోంది” అని రాశారు. అది చదివిన ఒక పెద్దాయన, 2022లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయినట్టు ఇక్కడ కూడా ఏదో అవుతోందనుకుని టెన్షన్ పడ్డారు. అడ్రసు కాగితాలన్నీ మళ్ళీ మార్పించుకోవాలా అని అడిగారు. ‘జిల్లా’ తీసేయాలని తెలుసు. ఆ చోట ఏం పెట్టాలి?

పాత తాసీల్దారు:
తీసేయండమ్మా, మొదట అదే చేయండి. జిల్లా అరబ్బీ నుంచి పారశీకం, ఉర్దూల మీదుగా మనకొచ్చిన మాట. మూలంలో పక్కటెముక, పక్క అని అర్థం. మన దగ్గర మాత్రం కలెక్టరు కూర్చునే పాలనా విభాగానికి అతుక్కుపోయింది. తెలుగువాడికి జిల్లా అంటే కలెక్టరేటు, ఎస్పీ ఆఫీసు, జిల్లా పరిషత్తు. అమెరికాలో ఆ స్థాయిలో ఉండేది కౌంటీ. అక్కడ డిస్ట్రిక్ట్ అనేది రెండు వేరువేరు వస్తువులకు పేరు. నీళ్ళకో, బడులకో, పార్కులకో, అగ్నిమాపకానికో ప్రత్యేకంగా పెట్టుకున్న సంస్థ ఒకటి. ఓట్ల కోసం గీసిన గీతల మధ్య భాగం ఇంకొకటి. మీ నోటీసులో రెండూ ఒకే వాక్యంలో పడ్డాయి. అందుకే “జిల్లాలోని జిల్లాలు” అనే వింత పుట్టింది. మొదటిదానికి ‘సంస్థ’ అనండి, చాలు. రెండోదాని సంగతే తేల్చాలి.

అచ్చుతప్పు:
పత్రిక డెస్కులో నా చేతికొస్తే ‘వార్డు’ అని పెట్టి పేజీ పంపేసేవాణ్ణి. పంచాయతీలో వార్డు, మున్సిపాలిటీలో వార్డు, కార్పొరేషన్లో డివిజన్. ఎవరికీ వివరించక్కర్లేదు. పైగా అక్కడి సంస్థలూ కొన్ని ఆ మాటే వాడతాయి. ఓక్లండ్ వైపు నీళ్ళిచ్చే ఈస్ట్ బే మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్ బోర్డుకు ఉన్నవి ఏడు వార్డులే. అదే వైపు పార్కుల సంస్థకూ ఏడు వార్డులే.

చుక్కలముగ్గు:
వార్డు నాకూ నచ్చిందండీ. కానీ ఓటరుకు ఇంటికొచ్చే పటం మీద, బ్యాలట్ మీద “డిస్ట్రిక్ట్ 3” అనే ఉంటుంది. మేం వార్డు అని రాస్తే ఈ రెండూ ఒకటేనని వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

కాల్వగట్టు:
మీరు అడిగేది నీళ్ళ సంస్థ గురించి కదా అక్కా, మరి మా నీటి సంఘాలు ఎవరికీ గుర్తు రాలేదా? 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగునీటి వ్యవస్థల యాజమాన్యం రైతులకిస్తూ చట్టం వచ్చింది. ఒక్కో నీటి వినియోగదారుల సంఘం ఆయకట్టును ముక్కలు చేశారు. ఆ ముక్కల పేరే ప్రాదేశిక నియోజకవర్గం. ఊళ్ళో ఎవరూ అంత పొడుగు పేరు అనరు, ఇంగ్లీషు ‘టెరిటోరియల్ కాన్‌స్టిట్యుయెన్సీ’ని కుదించి టీసీ అంటారు. “మా టీసీకి ఎవరు నిలబడుతున్నారు?” అంతే. ఆ ఏడాది జరిగిన మొదటి ఎన్నికల్లో టీసీ మెంబరుకు ఆ టీసీ రైతులే ఓటేశారు, సంఘం అధ్యక్షుడికి ఆయకట్టు రైతులంతా వేశారు. మీరు చెప్పిన రెండు పద్ధతులూ ఒకే సంఘంలో, ఒకే రోజు చూశాం మేం.

టీసీలు ఎందుకు పెట్టారంటే ఇప్పటికీ నా లెక్క ఒకటే. అందరూ కలిసి అన్ని సీట్లకూ ఓటేస్తే ఎగువ తూము వాళ్ళే ఐదుగురూ అవుతారు. చివరి భూముల వాళ్ళు ఎండిన కాల్వ చూసుకుంటూ కూర్చోవాలి. సంఖ్యలో తక్కువైనా వాళ్ళ మనిషి ఒకడు కమిటీలో ఉంటే కనీసం అరుస్తాడు.

పాత తాసీల్దారు:
భేష్. అసలు మాట దొరికింది. మండల, జిల్లా పరిషత్తుల్లోనూ ఇదే. ఎంపీటీసీ, జడ్పీటీసీ అని పొద్దున్న లేస్తే అంటాం కానీ, అందులో ‘టీసీ’ అంటే ఏమిటని చాలామంది ఆలోచించరు. ప్రాదేశిక నియోజకవర్గమే. 1987లో మండలాధ్యక్షుణ్ణి మండలంలోని ఓటర్లంతా నేరుగా ఎన్నుకున్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక, 1995 నుంచి ఓటర్లు తమ ఎంపీటీసీని ఎన్నుకుంటే, ఆ ఎంపీటీసీలు అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటున్నారు.

మాట నిర్మాణం కూడా చూడండి. నియోజకుడంటే నియమించేవాడు. నియోజకవర్గం అంటే నియమించే జనం. అందులో నేల లేదు, మనుషులే ఉన్నారు. అందుకే పట్టభద్రుల నియోజకవర్గం, ఉపాధ్యాయ నియోజకవర్గం అనగలుగుతున్నాం. ఫలానా గీతల మధ్య ఉండేవాళ్ళు అని చెప్పాల్సినప్పుడే ‘ప్రాదేశిక’ తగిలించారు. ‘ప్రాంతీయ’ అని మార్చకండి, అది పెద్ద పరిధిని తోపిస్తుంది.

అచ్చుతప్పు:
ఒప్పుకుంటాను కానీ, హెడ్డింగులో “ప్రాదేశిక నియోజకవర్గాల వారీ ఎన్నికలు” అని పడితే చదివేవాడు రెండో మాట దగ్గరే పేజీ తిప్పేస్తాడు. ఒట్టి ‘నియోజకవర్గం’ చాలదా?

ఎనిమిదో ఎక్కం:
చాలదు, ఎమ్మెల్యే గుర్తొస్తాడు. నేను ఫ్రీమాంట్‌లో ఉంటాను. మా నగర కౌన్సిల్ 2018 ఎన్నికల నుంచి ఈ పద్ధతికి మారింది. ఆరుగురు సభ్యులు ఆరు డిస్ట్రిక్టుల నుంచి, మేయర్ మాత్రం ఊరందరి ఓటుతో. సన్నీవేల్‌లో 2020 మార్చిలో ఓటర్లే ఒప్పుకుని ఇలాంటి ఏర్పాటే చేసుకున్నారు. మా అమ్మకు నేను చెప్పింది ఒకే వాక్యం: “మేయర్ మన సర్పంచి లాగా, కౌన్సిల్ మెంబరు వార్డు మెంబరు లాగా.” మళ్ళీ అడగలేదు.

చుక్కలముగ్గు:
మా సంస్థలో సర్పంచి లేడండీ, ఐదుగురూ మెంబర్లే :) సరే, ఎట్-లార్జ్ సంగతి? ‘ఊరుమ్మడి ఎన్నిక’ అనాలనిపిస్తోంది. ఊరుమ్మడి చెరువు, ఊరుమ్మడి బావి అన్నట్టు.

కాల్వగట్టు:
బాగుంది. చెవికి తెలుగులా ఉంది.

పాత తాసీల్దారు:
బాగుంది కానీ నాకొక భయం. స్వాతంత్ర్యానికి ముందు ‘ప్రత్యేక నియోజకవర్గాలు’, ‘ఉమ్మడి నియోజకవర్గాలు’ అని పెద్ద గొడవ నడిచింది. 1932 పూనా ఒడంబడిక దాని మీదే. అక్కడ ప్రత్యేకం అంటే ఒక మతం వాళ్ళకో వర్గం వాళ్ళకో మాత్రమే ఓటు. ఆ చరిత్ర చదివినవాడు మీ నోటీసులో ‘ఉమ్మడి పోయి నియోజకవర్గాలు వస్తున్నాయి’ అని చూస్తే, కాలిఫోర్నియాలో జాతికో ఓటరు జాబితా పెడుతున్నారనుకోగలడు. అలా కాదు కదా?

ఎనిమిదో ఎక్కం:
కాదు. గీత లోపల ఉన్న ఓటరు ఎవరైనా ఓటేస్తారు, ఎవరైనా పోటీ చేస్తారు. మన రిజర్వుడు స్థానం లాంటిదీ లేదు. ఈ ఒక్క వాక్యం నోటీసులో తప్పకుండా ఉండాలి.

మారడానికి కారణం 2002లో సంతకమై 2003లో అమల్లోకి వచ్చిన కాలిఫోర్నియా ఓటింగ్ హక్కుల చట్టం. ఎట్-లార్జ్ పద్ధతి వల్ల మైనారిటీల ఓటుకు బలం లేకుండా పోతోందని దాని కింద కేసు వేయవచ్చు. 1965 నాటి ఫెడరల్ ఓటింగ్ హక్కుల చట్టం కింద అలాంటి కేసు గెలవాలంటే, మైనారిటీ జనం మెజారిటీ అయ్యేలా ఒక నియోజకవర్గం గీయవచ్చని చూపించాలి. రాష్ట్ర చట్టానికి అది అక్కర్లేదు. అందుకే ‘మీ పద్ధతి ఈ చట్టానికి విరుద్ధం, మార్చండి’ అని లాయరు ఉత్తరం రాగానే చాలా సంస్థలు మారిపోతున్నాయి. ఉత్తరం వచ్చాక 45 రోజులు కేసు వేయకూడదు. ఆలోగా మారతామని తీర్మానం చేస్తే ఇంకో 90 రోజుల గడువు. అలా మారిన సంస్థ ఉత్తరం రాసినవాళ్ళకు ఇవ్వాల్సిన ఖర్చుకు చట్టం 30,000 డాలర్ల పరిమితి పెట్టింది, ధరలను బట్టి అది పెరుగుతుంది. మారకుండా కోర్టులో పోరాడినవాళ్ళ సంగతి చూస్తే, మొడెస్టో నగరం ఎదుటి లాయర్లకు దాదాపు 30 లక్షల డాలర్లు, పామ్‌డేల్ 45 లక్షలు ఇచ్చుకున్నాయి. ‘నీటి బోర్డుకు ఈ గొడవెందుకు’ అనేవాళ్ళకు ఈ లెక్కే జవాబు.

అచ్చుతప్పు:
ఆ చట్టంలో కీలకమైన మాట జాతుల ప్రాతిపదికన ఓటింగ్ పోలరైజ్ కావడం. నోటీసులో దాన్ని “ఓట్లు జాతులవారీగా చీలడం” అని రాయకండి దయచేసి. మన రాజకీయాల్లో ఓట్లు చీలడం అంటే ఒకే వైపు పడాల్సినవి ఇద్దరు ముగ్గురికి పోయి మూడోవాడు గెలవడం. ఇక్కడి విషయం దానికి తలకిందులు.

కాల్వగట్టు:
గంపగుత్త అనండి! “ఒక జాతివాళ్ళు గంపగుత్తగా ఒకరికి, మిగతావాళ్ళు గంపగుత్తగా ఇంకొకరికి వేస్తున్నారు, ప్రతిసారీ సంఖ్య ఎక్కువున్నవాళ్ళే అన్ని సీట్లూ పట్టుకుపోతున్నారు.”

అచ్చుతప్పు:
అద్భుతం. తక్కువున్నవాళ్ళ ఓటుకు జరిగేదానికి “ఓటు బలం పలచబడటం” సరిపోతుంది. ఓటు చెల్లకుండా పోవడం కాదు. లెక్కలోకి వస్తుంది, ఫలితం మీద మాత్రం పనిచేయదు.

ఎనిమిదో ఎక్కం:
ఆ మాటలకు సరిపోయే ఊరు శాంటా క్లారా. జనంలో దాదాపు 40 శాతం ఆసియా మూలాల వాళ్ళే. అయినా 1951లో చార్టర్ (నగర పాలనకు మూల శాసనం) వచ్చినప్పటి నుంచి ఒక్క ఆసియా అమెరికన్ కూడా కౌన్సిల్‌కు ఎన్నిక కాలేదు. సీట్లకు నంబర్లుండేవి, ఓటు మాత్రం ఊరందరిదీ. 2018లో కోర్టు తీర్పుతో ఆరు డిస్ట్రిక్టులు గీశారు. ఆ నవంబరులోనే భారతీయ మూలాలున్న రాజ్ చాహల్ గెలిచారు. నగరం అప్పీలుకు వెళ్ళి 2020 డిసెంబరులో ఓడిపోయింది.

రెండో వైపు కూడా చెప్తాను. నాకు ఈ పద్ధతి మీద పూర్తి మోజు లేదు. మన తెలుగువాళ్ళు ఒకే వీధిలో గుంపుగా ఉండరు. నాలుగు మూలలా చెదిరి ఉంటే ఏ గీత గీసినా పెద్దగా తేడా రాదు. శాంటా మోనికా కేసులో రాష్ట్ర సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో దీన్నే పట్టుకుంది. మైనారిటీ వాళ్ళు నియోజకవర్గంలో మెజారిటీ కానక్కర్లేదు, కానీ వేరే పద్ధతిలో వాళ్ళకు నచ్చినవాళ్ళు గెలిచే అవకాశం ఉండేదని చూపించాలి అంది. పైగా పైపు పగిలితే అది ఏ డిస్ట్రిక్టులో ఉందని చూస్తూ కూర్చునే డైరెక్టర్లు వస్తారేమో అని నా అనుమానం.

కాల్వగట్టు:
ఇప్పుడు మాత్రం చూడట్లేదా అన్నా? వాళ్ళుండే వీధిదే ముందు బాగవుతుంది. ఐదుగురూ ఒకే వైపు నుంచి వస్తే ఐదు పైపులూ అటే.

పాత తాసీల్దారు:
ఇంకో మెలిక ఉంది, మాట దగ్గరే. పోటీ చేసేవాడు ఫలానా ముక్కలో నివాసం ఉండాలి, ఓటు మాత్రం అందరూ వేయాలి అనే పద్ధతి ఒకటుంది. వినడానికి అదీ ‘నియోజకవర్గాల వారీ’గానే ఉంటుంది, కానీ ఆ చట్టం దృష్టిలో అది ఎట్-లార్జే. కాబట్టి మీ వాక్యంలో నిలబడేది ఎవరు, ఓటేసేది ఎవరు అని రెండూ విడివిడిగా రావాలి.

చుక్కలముగ్గు:
ఈ మెలిక నిజంగా చాలా పనికొస్తుంది మాస్టారూ. ఇంకోటి ఉంది, నన్ను బాగా సతాయిస్తోంది. గీతలు గీసేటప్పుడు కమ్యూనిటీ ఆఫ్ ఇంట్రెస్ట్ విడిపోకుండా చూడాలంటారు. మొదటి ప్రతిలో ‘ఆసక్తి గల సమాజం’ అని ఉంది.

అచ్చుతప్పు:
హరికథ వినడానికి వచ్చినవాళ్ళలా ఉన్నారు. ‘వడ్డీ సమాజం’ అని రాయలేదు, నయం.

కాల్వగట్టు:
“ఒకే రకం అవసరాలున్న ఇరుగుపొరుగు.” ఒకే బడికి పిల్లల్ని పంపేవాళ్ళు, ఒకే అపార్టుమెంట్ల వరస, వర్షమొస్తే నీళ్ళు నిలిచే ఒకే పల్లం. ఉదాహరణలు రాస్తే పేరు అక్కర్లేదు.

చుక్కలముగ్గు:
తీసుకున్నాను. ఇదిగో కొత్త ప్రతి, చూసి చెప్పండి:

“మన నీటి సంస్థ బోర్డు ఎన్నికల పద్ధతి మారుతోంది. ఇప్పటివరకు ఐదుగురు డైరెక్టర్లకూ సంస్థ పరిధిలోని ఓటర్లంతా ఓటు వేసేవారు. ఇకపై పరిధిని ఐదు వార్డులుగా విభజిస్తారు. పటంలోను, బ్యాలట్ మీద వీటినే ‘డిస్ట్రిక్ట్’ అంటారు. ప్రతి వార్డుకు ఒక డైరెక్టరు. ఆ వార్డులో నివాసం ఉన్నవారే పోటీ చేయాలి, ఆ వార్డు ఓటర్లే ఓటు వేయాలి. వార్డులోని ఓటర్లందరికీ, ఏ జాతివారైనా, ఓటు ఉంటుంది. మీ చిరునామా, కౌంటీ, నీటి బిల్లు మారవు. డైరెక్టర్ల పదవీకాలం నాలుగేళ్ళు. అన్ని వార్డులకూ ఒకేసారి ఎన్నిక జరగదు. రెండేళ్ళకోసారి కొన్ని వార్డులకు వంతు వస్తుంది. వార్డుల హద్దులపై బహిరంగ విచారణలు జరుగుతాయి. పటం గీయకముందు కనీసం రెండు, ముసాయిదా పటం వచ్చాక కనీసం రెండు. ఒకే రకం అవసరాలున్న ఇరుగుపొరుగు విడిపోకుండా ఉండాలంటే వచ్చి చెప్పండి.”

పాత తాసీల్దారు:
‘విచారణ’ తీసేయండమ్మా. మనవాళ్ళకు విచారణ అంటే తప్పు చేసినవాణ్ణి పిలిచి అడగడం. ఒక్కరు కూడా రారు. ‘ప్రజాభిప్రాయ సేకరణ సభ’ అనండి. ముసాయిదా పటం సభకు కనీసం వారం ముందే బయటపెట్టాలన్న నిబంధన కూడా రాయండి, చూసుకుని వస్తారు.

ఎనిమిదో ఎక్కం:
వంతు సంగతి ఇంకాస్త విడమర్చండి. “మీ వార్డు వంతు రాని ఏడాది మీ బ్యాలట్‌లో ఈ ఎన్నిక కనిపించదు” అని. మా దగ్గర మొదటిసారి సగం వీధులవాళ్ళు తమ ఓటు ఎవరో తీసేశారని ఫోన్లు చేసుకున్నారు.

చుక్కలముగ్గు:
రెండూ చేర్చాను. వంతు వాక్యం లావు అక్షరాల్లో పెడుతున్నా.