మూతపడిన సినిమా హాలులో కచేరీలు పెట్టవచ్చా? లండన్ బ్రిక్స్టన్ హాలు సంగతి తెలిసినవారు చెప్పండి

గిరింపేట గిటారు (ప్రశ్న)

మాది చిత్తూరు. డెబ్బయ్యవ దశకంలో మా తాతగారు, మరో ముగ్గురు భాగస్వాములు కలిసి కట్టించిన సినిమా హాలు మూతపడి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాలుగు కుటుంబాల వారసులూ కూర్చుని దాన్ని ఏం చేయాలో మాట్లాడుకుంటున్నారు. ఇద్దరు కల్యాణ మండపం అంటున్నారు. ఒకరు కింద దుకాణాలు, పైన లాడ్జి అంటున్నారు. నాలుగో వాటా మా నాన్నగారిది. నేను ఒక బ్యాండులో గిటారు వాయిస్తాను కాబట్టి నేనేమంటానో ఆయనకు ముందే తెలుసు. అయినా లెక్కలతో రమ్మన్నారు.

మా చిన్నాన్నగారి అమ్మాయి లండన్‌లో చదువుతోంది. బ్రిక్స్టన్ అకాడమీ అనే హాలులో కచేరీ విని ఫోటోలు పంపింది. అదీ ఒకప్పుడు సినిమా హాలేనట. వేదిక చుట్టూ వంతెన ఆకారంలో పెద్ద తోరణం, లోపల గోడల మీద బొమ్మలు, తోటలో కూర్చున్నట్టు ఉంది. అది ఎలా మారింది, ఎవరు డబ్బు పెట్టారు? మా హాలు సుమారు 800 సీట్లది. బాల్కనీ ఉంది, పైన రేకుల కప్పు. అలాంటిది ఇక్కడ సాధ్యమేనా?

కార్బన్ కడ్డీ

అబ్బాయీ, నేను చిత్తూరు, తిరుపతి హాళ్లలో ప్రొజెక్టరు ఆపరేటరుగా పని చేసి రిటైరైనవాణ్ణి. కార్బన్ కడ్డీల నుంచి జినాన్ దీపం దాకా అన్నీ నా చేతుల మీదుగా వెలిగాయి. హార్డ్ డిస్కులో సినిమా వచ్చాక ప్రొజెక్టరు గదిలో నాకు పని లేకుండా పోయింది. మా అమ్మాయి కాపురం లండన్‌లో. ఆ పుణ్యాన బ్రిక్స్టన్ హాలునూ చూశాను. విక్టోరియా లైను రైలుకు దక్షిణాన చివరి స్టేషను అదే. పాట ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను హాలును చూస్తూ కూర్చున్నాను.

ఆ చరిత్ర చదివి ఉప్పొంగిపోయే ముందు ఒక పని చెయ్యి. మీ హాలులో తెర వెనక్కి వెళ్లి, తెరకూ వెనక గోడకూ మధ్య ఎన్ని అడుగుల జాగా ఉందో టేపుతో కొలువు. ఎందుకో చెబుతాను.

బ్రిక్స్టన్ హాలు తెరిచింది 1929 ఆగస్టు 19న. అప్పుడు దాని పేరు ఆస్టోరియా. ఎడ్వర్డ్ స్టోన్ అనే ఆర్కిటెక్టు గీసినది. తోరణాన్ని వెనిస్ నగరంలోని రియాల్టో వంతెనను చూసి చేశారు. పైకప్పును ఆకాశంలా, చుట్టూ గోడలను ఇటలీ తోటలా తీర్చారు. మాటలు రాని సినిమాలు పోయి మాట్లాడే సినిమాలు వస్తున్న సంధికాలమది. అప్పట్లో అక్కడ టికెట్టు కొన్నవాడికి సినిమా ఒక్కటే చూపిస్తే సరిపోయేది కాదు. ఆర్కెస్ట్రా వాయించాలి, ఆర్గాన్ మోగాలి, మధ్యలో ఆటగాళ్లు, పాటగాళ్లు వచ్చి పోవాలి. అందుకని సినిమా కోసమే కట్టినా నిజమైన వేదిక, దాని వెనక దుస్తులు మార్చుకునే గదులు, సామాను దించే దారి అన్నీ మొదటి రోజు నుంచే ఉన్నాయి. నేల కూడా వేదిక వైపు వాలుగా ఉంటుంది. వెనక నిలబడ్డవాడికీ పాడేవాడి మొహం కనబడుతుంది. ఈ రోజు ఆ హాలుకు అంత పేరు రావడానికి ఆ వాలే సగం కారణమని నా లెక్క.

సినిమా హాలుగా 1972 జూలైలో మూతపడింది. అదే ఏడాది డిస్కోథెక్ చేశారు. కొన్ని నెలలే నడిచింది. తరువాత సామాను దాచే గోదాము. 1974 ప్రాంతంలో దాన్ని పడగొట్టి కార్ల షోరూమూ పెట్రోలు బంకూ కట్టాలనుకున్నారు. చారిత్రక కట్టడాల జాబితాలోకి ఎక్కించడంతో బతికిపోయింది. 1982లో మళ్లీ కచేరీల హాలుగా తెరిచారు. ఏడాది తిరగకుండా అప్పుల్లో మునిగింది. 1983లో సైమన్ పార్క్స్ అనే కుర్రవాడు, ఇరవై మూడేళ్లవాడు, దాన్ని ఒక్క పౌండుకు కొన్నాడు. ఇక్కడ జాగ్రత్తగా చదువు. అమ్మింది బీరు కంపెనీ. హాలులో తమ బీరే అమ్మాలన్న ఒప్పందం మీద ఇచ్చారు. వాళ్లకు హాలు అద్దె అక్కర లేదు, గ్లాసుల లెక్క చాలు. "ఎవరు డబ్బు పెట్టారు" అన్నావు గదా, అదీ సంగతి.

అదే ఆర్కిటెక్టు లండన్‌లోనే ఫిన్స్‌బరీ పార్కులో ఇంకో ఆస్టోరియా కట్టాడు, 1930లో. అదీ డెబ్బయ్యవ దశకంలో రెయిన్‌బో అన్న పేరుతో గొప్ప కచేరీల హాలయింది. ఎనభైల మొదట్లోనే కచేరీలు ఆగిపోయాయి. ఇప్పుడది చర్చి. ఒకే చేతి కట్టడాలు రెండు, ఒకే రకం వేదికలు. అందం ఒక్కటే హాలును కాపాడదు.

ఇక మన హాళ్లు. మనవి పూర్తిగా టాకీల కాలంలో కట్టినవి. తెరకు సన్నని చిల్లులుంటాయని గమనించావా? స్పీకర్లు తెర వెనకే ఉంటాయి, శబ్దం ఆ చిల్లుల్లోంచి వస్తుంది. కాబట్టి మన యజమానులు స్పీకరు పెట్టె పట్టేంత జాగా వదిలి గోడ కట్టేశారు. అక్కడ పాడేవాడు నిలబడగలడు, డ్రమ్ముల సెట్టు పట్టదు. కొన్ని హాళ్లు మాత్రం నాటకాల కోసం కట్టి తరువాత తెర కట్టినవి. మీది అలాంటిదైతే నీ అదృష్టం.

కౌంటర్ కిటికీ

ఆపరేటరుగారూ, మీరు రాసింది బాగుంది. నేను హాలు లీజుకు తీసుకుని నడిపినవాణ్ణి కాబట్టి తమ్ముడికి చేదు మాట నేను చెబుతాను.

మన ప్రాంతంలో సంగీతానికి ఎవరూ డబ్బు ఇవ్వరు. ఇది తిట్టు కాదు. తిరుపతిలో మహతి ఆడిటోరియం ఉంది, అన్నమాచార్య కళామందిరం ఉంది, కొండ మీద నాదనీరాజనం వేదిక ఉంది. పెద్ద పెద్ద విద్వాంసుల పాటను దేవస్థానం పుణ్యమా అని ఊరికే విన్న జనం. చిత్తూరు చుట్టుపక్కల ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం పెడితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం, వారాల తరబడి సాగుతాయి. అక్కడ టికెట్టు అడిగితే నవ్విపోతారు. అలాంటి చోట మూడు వందలు పెట్టి బ్యాండు వినమంటే ఎవరు వస్తారు? కాలేజీ పిల్లలు వస్తారు, సరే. పరీక్షల నెలల్లో? సెలవుల్లో ఊళ్లకు వెళ్లినప్పుడు?

సినిమా హాలులో కూడా మాకు మిగిలింది టికెట్టు మీద కాదు. క్యాంటీను, సైకిల్ స్టాండు. ఆ రెండింటినీ విడిగా వేలం వేసేవాళ్లం. స్టాండు పాడుకున్నవాడు ఒక్కోసారి హాలు యజమాని కన్నా నిబ్బరంగా ఉండేవాడు. బ్రిక్స్టన్‌కు బీరు ఉంది. మీకు ఏముంది? అది తేల్చుకోకుండా వేదిక కట్టకండి. కల్యాణ మండపం అన్నవాళ్లను తేలిగ్గా తీసేయకండి, ముహూర్తాలున్న నెలల్లో వాళ్ల లెక్క గట్టిది.

పలమనేరు పద్మ

నేను ముంబయిలో ఉంటాను. లండన్ దాకా వెళ్లనక్కర లేదు, ఇక్కడి రాయల్ ఒపెరా హౌస్ చూడండి. 1911లో కట్టడం పూర్తి కాకముందే ఐదో జార్జి చక్రవర్తి చేతుల మీదుగా ప్రారంభించారు. నాటకాలు, సంగీతం కోసం కట్టినది. తరువాత సినిమా హాలుగా నడిచింది. 1952లో గొండాల్ మహారాజా కొన్నారు. 1993లో మూతపడింది. ఇరవై ఏళ్లకు పైగా తాళం. ఆభా నారాయణ్ లాంబా అనే సంరక్షణ ఆర్కిటెక్టు ఆధ్వర్యంలో బాగు చేసి 2016 అక్టోబరులో మళ్లీ తెరిచారు. నేను అక్కడ ఒక గజల్ కచేరీ విన్నాను. బాల్కనీలు, షాండ్లియర్లు చూస్తుంటే పాట మీద ధ్యాస తప్పుతుంది, అది వేరే విషయం.

అన్నయ్యగారు చెప్పిన "ఎవరూ డబ్బు ఇవ్వరు" అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. చిత్తూరు నాగయ్యగారి పేరు ముందు ఆ ఊరి పేరు ఎందుకుంది? ఆయన పుట్టింది రేపల్లెలో. చిత్తూరు నాటక రంగం ఆయనను తయారు చేసింది. పద్యం నచ్చితే "ఒన్స్ మోర్" అని కేకలు వేసి మళ్లీ పాడించుకున్న ఊళ్లవి. ఆ నాటకాలకు టికెట్టు ఉండేది, జనం కొనేవారు.

కౌంటర్ కిటికీ

అమ్మా, ఆ రోజుల్లో సాయంత్రం ఏడు గంటలకు ఇంకేముంది చెప్పండి? ఇప్పుడు ప్రతివాడి చేతిలో ఫోను. మీ మాట కాదనను, కానీ లీజు డబ్బు నాగయ్యగారి పేరు చెబితే తగ్గదు.

గిరింపేట గిటారు

పెద్దాయనా, కొలిచాను. తెర వెనక ఏడు అడుగులు. గోడకు పక్కన చిన్న తలుపు ఉంది, సందులోకి తెరుచుకుంటుంది. నేల బాగానే వాలుగా ఉంది. చప్పట్లు కొడితే శబ్దం వెంటనే చచ్చిపోతోంది, గోడలకు చిల్లుల అట్టలు కొట్టి ఉన్నాయి. అది మంచిదా, చెడ్డదా?

కౌంటర్ అన్నా, మీ లెక్క మా నాన్నగారికి చూపించాను. మీరు ఆయన పక్షం అయిపోయారు.

కార్బన్ కడ్డీ

ఏడు అడుగులంటే అనుకున్నదానికన్నా మేలే. తెర తీసేసి, ముందు నాలుగైదు వరుసలు, అంటే పాత నేల టికెట్టు జాగా, వేదికకు ఇచ్చేయాలి. అప్పుడు ఇరవై అడుగుల పైచిలుకు లోతు వస్తుంది. 800 సీట్లు ఆరు వందల యాభైకి దిగుతాయి. కౌంటర్‌గారి లెక్కలో అది ముందే వేసుకో.

చప్పట్ల సంగతి. సినిమాకు గది పొడిగా ఉండాలి, అంటే శబ్దం త్వరగా చచ్చిపోవాలి, ఎందుకంటే మాటల వెనక గది ప్రతిధ్వని కలిస్తే డైలాగు ముద్దవుతుంది. మీ బ్యాండు లాంటి విద్యుత్ వాద్యాలకూ పొడి గదే మేలు, ఒక్క సెకను చుట్టుపక్కల ప్రతిధ్వని చాలు. మైకు లేని వీణకూ గాత్రానికీ ఇంకొంచెం కావాలి. దీనికి సాబైన్ అనే అమెరికా ఆయన వంద సంవత్సరాల కిందటే సూత్రం కట్టాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శబ్దాన్ని మింగే విస్తీర్ణంతో భాగిస్తే ప్రతిధ్వని ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది. మీ హాలు 30 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 9 ఎత్తు అనుకో, 5,400 ఘనపు మీటర్లు. ఒక సెకను కావాలంటే మింగే విస్తీర్ణం 870 చదరపు మీటర్ల దగ్గర ఉండాలి. ఒక్కో మనిషి దాదాపు అర చదరపు మీటరు మింగుతాడు. కాబట్టి ఖాళీ హాలులో మైకు సరిచేసి మురిసిపోవద్దు, జనం వచ్చాక అది వేరే హాలు. ఆ అట్టలను తీయించేయమని ఎవరైనా చెబితే వినకు. కాకపోతే అవి నిప్పు అంటుకునే రకమా కాదా చూపించు.

నిప్పు అన్నాను కాబట్టి. ఢిల్లీలో ఉపహార్ హాలు 1997 జూన్ 13న అంటుకుంది. 59 మంది పోయారు. ట్రాన్స్‌ఫార్మరులో మొదలైన పొగ బాల్కనీకి ఎక్కింది, అదనపు సీట్లు వేసి దారి మూసేశారు. ఆ వార్త వచ్చిన రోజు మా ప్రొజెక్టరు గదిలో ఎవరూ టీ తాగలేదు. నీ బ్రిక్స్టన్‌లోనూ 2022 డిసెంబరు 15న టికెట్టు లేనివాళ్లు బయట గుమిగూడి తోసుకుని ఇద్దరు చనిపోయారు. హాలు ఏడాదికి పైగా మూసేశారు. స్థానిక కౌన్సిల్ 77 షరతులు పెట్టాక, బలమైన తలుపులు బిగించాక, 2024 ఏప్రిల్‌లో తెరిచారు. ఆ సందులోకి తెరుచుకునే తలుపు నీకు వేదిక తలుపు కాదు, బయటపడే దారి. దాన్ని వెడల్పు చేయించే ఖర్చు మొదటి పద్దు.

రెండో పద్దు రేకులు. వాన పడితే సినిమాలోనే మాటలు వినిపించేవి కావు. శబ్దం లోపలికి వచ్చినట్టే బయటికీ పోతుంది. రాత్రి పది తరువాత మూసిన హాలులో మైకు వాడవచ్చని నిబంధన చెబుతుంది, కానీ నివాస ప్రాంతంలో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని కూడా అదే నిబంధన. మీ పక్కింటివాళ్లు ఎవరో నాకు తెలియదు, పోలీసులకు ఫోను చేయడం వాళ్లకు తెలుసు.

కౌంటర్ కిటికీ

ఆపరేటరుగారు తలుపులు వెడల్పు చేయమన్నారు కాబట్టి నేనూ ఒక మాట వదులుకుంటాను. వేదిక కట్టి, కుర్చీలను నేలకు బిగించకుండా వదిలితే ముహూర్తాల నెలల్లో పెళ్లిళ్లకు, మిగతా నెలల్లో కచేరీలకు ఇవ్వవచ్చు. నేల వాలు వంటలకూ పంక్తికీ కుదరదు. భోజనాలు పక్క ఖాళీ స్థలంలో పెట్టాలి. స్టాండు వేలం మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మీరే ఉంచుకోండి.

గిరింపేట గిటారు

వాలు నేల మీద పెళ్లి! మా అత్తకు ఈ మాట చెబితే మండపం వాటా కూడా వెనక్కి తీసుకుంటుంది. అయినా పద్దులు రాసుకున్నాను. పైకప్పు మీద దీపాలు వేలాడదీసే ఇనుప చట్రం కట్టాలంటే పాత దూలాలు మోస్తాయా?

కార్బన్ కడ్డీ

చూడకుండా ఎవరు "మోస్తాయి" అన్నా నమ్మకు. ఆ దూలాలు రేకుల బరువుకు, గాలికి లెక్క కట్టినవి. స్ట్రక్చరల్ ఇంజినీరును తీసుకెళ్లు. ముందుగా నువ్వు ఫోటోలు తీసి పెట్టు, దూలం గోడ మీద కూర్చునే చోట, బోల్టులు, తుప్పు కనిపించేట్టు. తెల్లవారుజామునే ఎక్కు, ఎండ ఎక్కితే రేకుల కింద నిలబడలేవు. రేకుల మీద మాత్రం కాలు పెట్టవద్దు. ప్రొజెక్టరు గది పక్కన పైకి వెళ్లే ఇనుప నిచ్చెన ఉంటుంది, లేకపోతే రాయి, ఏ మూల ఉంటుందో చెబుతాను.