ఘాట్ రోడ్డుల 100 సీసీ బండి ఎడమ అంచున పోవాలా, లేన్ మధ్యల పోవాలా?

లంగర్‌హౌజ్_100సీసీ

మొన్న ఒక బండ్ల గ్రూపుల వికారాబాద్ పక్క అనంతగిరి గుట్టల ఆదివారం ట్రాఫిక్ మీద మాట నడుస్తుంటే ఒకాయన రాసిండు, స్ప్లెండర్లు యాక్టివాలు ఘాట్‌ల అంచు పట్టుకొని పోవాలె, మధ్యల పోతే ఎనక కార్లోల్లకు ఇబ్బంది అని. చానా మంది లైక్ కొట్టిండ్రు. నేను ఒప్పుకోను. మలుపులల్ల చిన్న బండి లేన్ మధ్యలనే ఉండాలె, ముంగట రోడ్డు సాఫ్‌గ కనబడ్డంక ఎడమకు జరిగి సైడ్ ఇయ్యాలె. అంచున పోవుడు మర్యాద అనుకుంటున్నరు గానీ అట్ల పోతే ఎనకోడు అదే లేన్ల నుంచి దూరొచ్చు అనుకుంటడు.

లెక్క చూడుండ్రి. రెండు లేన్ల హైవే మీద ఒక్కో లేన్ 3.5 మీటర్లు. స్ప్లెండర్ హ్యాండిల్ వెడల్పు 72 సెంటీమీటర్లు. అంచుకు అర మీటర్ దూరంల చక్రం పెట్టి పోతే హ్యాండిల్ కుడి కొస 86 సెంటీమీటర్ల కాడ ఉంటది. పెద్ద ఎస్‌యూవీ అద్దాలతోని కలిపి రెండు మీటర్లు దాటుతది. అంటే వాడు లేన్ దాటకుండ నన్ను ఓవర్‌టేక్ చేస్తే నా చేతికీ వాని అద్దానికీ మధ్యల మిగిలేది అర మీటర్, అది గూడ వాడు సెంటర్ గీతకు ఆనుకొని పోతేనే. ఆ టైంల నా ముంగట ఒక గుంత వస్తే నేను ఎటు పోవాలె?

ఇగ అంచు ఎట్లుంటదో పోయినోల్లకు తెలుసు. కంకర, ఇసుక, వాన పడ్డంక పచ్చి ఆకులు, తారు అంచు కాడ బెత్తెడు దిగుడు, కింద మొరం. దోమలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ దిక్కు దిగేటప్పుడు గోడ మీద కోతులు, వాటికి అరటిపండ్లు ఏసుడు కోసం ఆపిన కార్లు, అన్నీ ఆ ఎడమ అంచుననే. బండి మధ్యల ఉంటే ఎనకోడు పూర్తిగ లేన్ మారే ఓవర్‌టేక్ చెయ్యాలె, దానికి ముంగట ఖాళీ కనబడాలె, కనబడకపోతే ఆగుతడు. నాకు కావాల్సింది అదే.

మియాపూర్_ఫ్యామిలీ_కారు

బ్రదర్, మీ లెక్క బాగుంది కానీ వెనక కార్లో కూర్చుని కూడా ఒకసారి చూడండి. నేను కారులో పిల్లలతో వెళ్తుంటాను, ముందు ఒక బండి ఇద్దరితో 30లో లేన్ మధ్యలో వెళ్తుంటే దాని వెనక మెల్లగా పది కార్లు చేరతాయి, మొదటి కారువాడు ఓపిక పడతాడు, మూడోవాడు పడతాడు, ఏడోవాడు మాత్రం గుడ్డి మలుపులో మొత్తం లైన్‌ని ఓవర్‌టేక్ చేస్తూ ఎదురు లేన్‌లోకి వస్తాడు. ఎదురుగా బస్సు వస్తే వాడు మళ్ళీ లోపలికి కట్ కొట్టేది మీ మీదికే. అప్పుడు మీరు మధ్యలో ఉన్నారా, అంచున ఉన్నారా అన్నది మిమ్మల్ని కాపాడదు.

పైగా వీలైనంత ఎడమకు నడపాలి అని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఉంది, 2017లో కొత్తవి వచ్చినా ఎడమ పక్కనే నడపాలన్నది మారలేదు. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళు దారివ్వాలి, లారీలకైనా బండ్లకైనా అదే మాట.

లంగర్‌హౌజ్_100సీసీ

వీలైనంత అన్నరు కదా అన్నా, ఆ వీలు చూసుకునేది నడిపేటోడే. మలుపుల కంకర మీద చక్రం పెట్టుడు వీలు కాదు. ఏడోవాడు ఆగం చేస్తడు అన్నది నిజమే, నేను కాదంటలేను, అందుకే సైడ్ ఇయ్యాలె అని మొదటి మాటల్నే చెప్పిన. సైడ్ ఎక్కడ ఇయ్యాలె అన్నది నేను చూసుకోవాలె, ఎనక హారన్ కొట్టేటోడు కాదు. అంతే నా పంచాయితీ.

ఇంకోటి, అన్ని మలుపులు ఒక్క తీరు ఉండయి. ఎడమకు తిరిగే మలుపుల చానా సార్లు గుట్ట మన పక్కననే ఉంటది, ముంగట ఏమొస్తుందో కనబడదు, ఎదురుంగ వచ్చేటోనికి అది కుడి మలుపు, వాడు అడ్డంగ కోసి మన లేన్లకే వస్తడు. అక్కడ సెంటర్ గీత కాడికి పోవద్దు, అట్లని అంచుకూ పోవద్దు. కుడికి తిరిగే మలుపుల ఎడమకు కొంచెం జరిగి ఉంటేనే రోడ్డు దూరం దాక కనబడుతది, వేగంగ వచ్చేటోడు కంట్రోల్ కాక మన దిక్కు జారితే జాగ ఉంటది. కుడి మలుపుల సెంటర్ గీత పట్టుకొని పోయే పిల్లగాండ్లు ఒకటి గుర్తు పెట్టుకోవాలె, చక్రం మన లేన్ల ఉన్నా బండి వంగినప్పుడు తలకాయ గీత అవతల ఉంటది. మధ్యల అని నేను అంటున్నది ఈ రెండు ప్రమాదాలకూ సమానంగ దూరం ఉండుడు గురించి, కార్లోల్లను ఆపుడు గురించి కాదు.

యాక్టివా_అక్క_ఉప్పల్

మీ ఇద్దరూ చెప్పేది గేర్ల బండి మీద ధైర్యంగా ఉండేవాళ్ళకి. నా వెనక ఒక పెద్ద బండి రెండు గజాల్లోకి వచ్చి హైబీమ్ వేసి హారన్ మీద నుంచి చెయ్యి తియ్యకుండా వస్తుంటే నేను లేన్ మధ్యలో నిలబడి నా హక్కు అని అనుకోలేను, వాడు ఆగుతాడన్న నమ్మకం నాకు లేదు. ఆడవాళ్ళు నడుపుతున్నారని తెలిస్తే కావాలని ఇంకా దగ్గరికి వచ్చేవాళ్ళు ఉన్నారు, ఇది హైదరాబాద్‌లో స్కూటీ నడిపే ఎవరినైనా అడగండి.

స్కూటీ సంగతి వేరే కూడా. వెనక చక్రం 10 అంగుళాలు, తారు అంచు దిగుడులో పడితే మళ్ళీ పైకి ఎక్కించేటప్పుడు బండి తిప్పేస్తుంది, కాబట్టి అంచున పోవద్దన్న మాట వరకు నేను ఒప్పుకుంటాను. కానీ దిగేటప్పుడు గేర్లు లేవు, యాక్సిలరేటర్ వదిలితే కొంచెం పట్టుకుంటుంది, వేగం బాగా తగ్గాక లోపలి ఆటోమేటిక్ క్లచ్ కూడా వదిలేస్తుంది, ఇక మొత్తం బ్రేకుల మీదే. అలాంటప్పుడు వెనక ఒత్తిడి పెట్టేవాడు ఉంటే నేను చేసేది ఒక్కటే, వెడల్పున్న చోటు రాగానే పూర్తిగా దిగి ఆపేస్తాను, అందరూ పోయాక మళ్ళీ ఎక్కుతాను. ఆలస్యం అవుతుంది, అవనివ్వండి.

షెడ్డు_మాట

బాలానగర్ దిక్కు షెడ్డు నాది. మీరందరు ఎక్కడ నడపాలె అని కొట్లాడుతున్నరు, బండి ఏ కండీషన్ల ఉన్నదో ఎవ్వరు అడుగుతలేరు.

స్ప్లెండర్ పవర్ 8 పీఎస్ (హార్స్‌పవర్ అసొంటి లెక్కనే), బరువు 112 కిలోలు. ఇద్దరు మనుషులు ఎక్కితే మొత్తం 250 కిలోలు. 100 మీటర్లకు 8 మీటర్లు ఎక్కే రోడ్డు మీద 40ల పోవుడుకే ఇంజన్ సగం బలం పెట్టాలె, 60 కావాలంటే ఉన్నదంతా పెట్టినా కష్టమే. గేర్లు నాలుగే, మూడోదాంట్ల గుంజదు, రెండోదాంట్ల అరుస్తది. కాబట్టి ఎత్తుల కార్ల ఎంబడి సమానంగ పోతా అనుకునేటోడు మనసుల నుంచి ఆ మాట తీసెయ్యాలె, జంటగ పోతే అసలుకే తీసెయ్యాలె. ఎక్కేటప్పుడు ఓవర్‌టేక్ అంటే నడుమల ఇంజన్ పడిపోయి ఎదురు లేన్ల ఇరుక్కుంటరు.

దిగుడు ఇంకా డేంజర్. పెట్రోల్ కలిసొస్తదని న్యూట్రల్ చేసి, కొందరైతే ఇంజన్ ఆపి దిగుతరు. డ్రమ్ బ్రేక్ వరుసగ పట్టి ఉంచితే షూ వేడెక్కుతది, లివర్ లోపలి దాక వస్తది గానీ బండి ఆగది. ఎక్కిన గేర్‌లనే దిగాలె, ఇంజన్ పట్టుకుంటది, బ్రేక్ కొంచెం కొంచెం ఒత్తి ఇడవాలె. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాక బండ్లకు ఎనక బ్రేక్ ఒత్తితే ముంగటిది గూడ పట్టే కాంబి బ్రేక్ వస్తుంది, అంతకు ముంగటి బండ్లల్ల చానా వాటికి లేదు, అవి నడిపేటోల్లు రెండు బ్రేకులు కలిపి పట్టుడు అలవాటు చేసుకోవాలె. అరిగి నున్నగైన ఎనక టైర్ ఏసుకొని శ్రీశైలం పోతున్న అని చెప్పి ఆయిల్ ఒక్కటే మార్పించుకొని పోతరు, నేను గల్లా పట్టుకొని ఆపలేను కదా.

రిటైర్డ్_సైనిక్‌పురి

నా అభిప్రాయం మీకెవరికీ నచ్చదు. శ్రీశైలం ఘాట్‌కి 100 సీసీ మీద వెళ్ళకూడదు, అదీ కుటుంబంతో అసలు వెళ్ళకూడదు. హైదరాబాద్ నుంచి 200 కిలోమీటర్ల పైన ఉంది, మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు, అమ్రాబాద్ పులుల అడవి అది, కాబట్టి సాయంత్రం అయ్యేసరికి గేటు మూయకముందే దాటాలని కార్లన్నీ తరుముకుంటూ వస్తాయి. పగలంతా నడిపి అలసిపోయిన మనిషి చిన్న హెడ్‌లైటుతో వాటి మధ్యలో ఉంటాడు. ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి బస్సు ఉంది. వికారాబాద్‌కి రైలే ఉంది. బండి మీదే వెళ్ళాలన్న పట్టుదల ఎందుకు?

లంగర్‌హౌజ్_100సీసీ

అంకుల్, మీ బాధ అర్థమైంది, గేటు టైం గురించి మీరు చెప్పింది నూటికి నూరు నిజం, సాయంత్రం అటు దిక్కు చిన్న బండి ఉండొద్దు, మధ్యాహ్నమే అడవి దాటెయ్యాలె. గానీ బండి మీద పోవుడు పట్టుదల కాదు. చేవెళ్ల రోడ్డు మీద కూరగాయలు ఏసుకొని పొద్దుగాల సిటీకి వచ్చేటోల్లు, మొయినాబాద్ పక్క ఊర్లల్ల పనికి పోయేటోల్లు, అచ్చంపేట నుంచి మన్ననూరు పోయే టీచర్లు, వాళ్ళకు ఉన్నది అదే బండి, అదే రోడ్డు. టూరిస్టు ఆదివారం వస్తడు, వాళ్ళు రోజూ పోతరు. వాళ్ళను బస్సెక్కు అంటే ఎట్ల?

ఇంకో ముచ్చట ఎవ్వరు పట్టించుకోరు. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీదికి టూవీలర్లను రానియ్యరు, మంచిదే. గానీ కార్లోడు 100, 120ల మీద వచ్చి అప్పా జంక్షన్ కాడనో తుక్కుగూడ కాడనో దిగుతడు, దిగినంక గూడ కాలు అదే వేగం అడుగుతది. చేవెళ్ల రోడ్డు పాత మర్రిచెట్ల నడుమ చానా దూరం రెండు లేన్లే ఉండె, వాటి కాడ వెడల్పు చేసే కేసు ఏండ్ల కొద్ది నడిచింది, 2025 నవంబర్‌ల చేవెళ్ల కాడ బస్సూ కంకర టిప్పరూ గుద్దుకొని ఎంతమంది పోయిండ్రో అందరికి యాదికుంటది. అసొంటి రోడ్డు మీద 80ల పోయేటోడు 40ల పోయే బండిని చూసి తగ్గాలె. ఆ తగ్గుడే కార్లోల్లకు కష్టమైతుంది, మమ్ములను అంచుకు తోలితే కష్టం తీరుతదనుకుంటున్నరు.

మియాపూర్_ఫ్యామిలీ_కారు

వేగం తగ్గాలన్నది ఒప్పుకుంటాను, అందులో వాదన లేదు. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్న రూల్ కూడా మా కార్లవాళ్ళలో చాలామందికి తెలియదు, ఇరుకు చోట దిగేవాడే ముందు దూరిపోతాడు. కానీ మలుపులో మధ్యలో ఉండటం మాత్రం నాకు ఇంకా మింగుడుపడలేదు. మీరు సైడ్ ఇస్తున్నారని నాకెలా తెలియాలి? లారీవాళ్ళు కుడి ఇండికేటర్ వేస్తే పో అని అర్థం, అదే కుడి ఇండికేటర్ వేసి కుడికి తిరిగే లారీలూ ఉన్నాయి. నేను రెండూ చూశాను కాబట్టి ఘాట్‌లో ఏ ఇండికేటరూ నమ్మను.

షెడ్డు_మాట

అందుకే పాత రూల్స్‌ల చెయ్యి సైగ ఉండె, కుడి చెయ్యి బయట పెట్టి ఎనక నుంచి ముంగటికి ఊపితే ఓవర్‌టేక్ చెయ్యి అని. కారుకు, లారీకి మంచిగనే ఉంటది. బండి మీద కుడి చెయ్యే యాక్సిలరేటర్, ఎత్తుల చెయ్యి తీస్తే బండి ఆడికాడ ఆగుతది.

లంగర్‌హౌజ్_100సీసీ

నేను చెయ్యి ఊపను. నేను ఊపితే ఎనకోడు రోడ్డు చూడకుండ నన్ను నమ్మి పోతడు, ఎదురుంగ ఏమన్న వస్తే పాపం నా మీద ఉంటది. ఎడమ ఇండికేటర్ ఏసి, మెల్లగ ఎడమకు జరిగి, వేగం ఇంకో ఐదారు తగ్గిస్త. ఓవర్‌టేక్ చెయ్యాల్నా వద్దా అన్నది వాడు తన కండ్లతోని చూసి తేల్చుకోవాలె.

యాక్టివా_అక్క_ఉప్పల్

ఎడమ ఇండికేటర్ వేసి ఎడమకు జరిగితే సరే, కానీ ఆ జరిగిన చోటు నేరుగా ఎంత దూరం ఉండాలి? వంద మీటర్లు కనిపిస్తే చాలా? కారు నన్ను దాటి మళ్ళీ లోపలికి రావడానికి ఎంత పడుతుందో కార్లు నడిపేవాళ్ళు చెప్పండి.

మియాపూర్_ఫ్యామిలీ_కారు

వంద చాలదండి. మీరు 30లో ఉంటే నేను 50 అందుకుని దాటి లోపలికి రావడానికి నాలుగైదు సెకన్లు, ఆ లోపు నేను 60, 70 మీటర్లు పోతాను, ఎదురుగా 50లో వచ్చేవాడు కూడా అంతే దూరం వస్తాడు. కనీసం 150, నన్నడిగితే 200 మీటర్లు కనిపిస్తేనే జరగండి, అంతవరకు నేను వెనకే ఉంటాను.