ఒక వర్గం రానంటే ఎన్నికలు ఆపాలా? కొసోవో 2000పై చర్చ

కృష్ణాతీరం:
కొసోవో అంటే సెర్బియాలో అల్బేనియన్లు ఎక్కువగా, సెర్బులు తక్కువగా ఉన్న ప్రాంతం. 1999లో సెర్బియా మీద నాటో బాంబుదాడుల తర్వాత అది ఐక్యరాజ్యసమితి చేతికి వచ్చింది. భద్రతామండలి 1244వ తీర్మానంతో పోలీసు, కోర్టులు, పన్నులు అన్నీ అన్మిక్ అనే యూఎన్ మిషన్ చూసుకునేది. ఏడాదిన్నర కూడా తిరగకుండానే, 2000 అక్టోబర్ 28న, 30 మున్సిపాలిటీలకు ఎన్నికలు పెట్టేశారు. అల్బేనియన్లు బారులు తీరి ఓట్లేశారు. సెర్బులు దాదాపు అందరూ బహిష్కరించారు. ఇది అవసరమా, తొందరపాటా? నేను తొందరపాటే అంటాను. పారిపోయిన సెర్బులు తిరిగి రాకముందే కౌన్సిల్‌ను ఎన్నుకుంటే, ఆ ఊరు ఎవరిదో మీరే తేల్చి సంతకం పెట్టినట్టే కదా.

బెజవాడ బాబ్జీ:
పెళ్లికి పిలిచినా రానివాడి కోసం ముహూర్తం ఆపుతామా అండీ? 9 లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. 79 శాతం దాకా పోలింగ్. ఇంకేం కావాలి?

ఓరుగల్లు సరళ:
బాబ్జీ గారూ, ఆ పెళ్లికి సెర్బులు వెళ్లాలంటే దారి పొడవునా సైనిక వాహనం తోడు ఉండాలి. 2000 ఫిబ్రవరిలో సెర్బులను తీసుకెళ్తున్న యూఎన్ శరణార్థుల సంస్థ బస్సు మీద రాకెట్ పేల్చారు, ఇద్దరు చచ్చిపోయారు. ఆ తర్వాత ఉత్తర కొసోవోలోని మిత్రోవిత్సాలో గొడవలు రేగాయి. ఊళ్లో ఇబార్ నది మీద వంతెన ఉంది. ఉత్తరాన సెర్బులు, దక్షిణాన అల్బేనియన్లు. వంతెన దాటడమే పెద్ద టెన్షన్. అలాంటి చోట "పిలిచాం, రాలేదు" అంటే సరిపోదు.

అలాగని కృష్ణాతీరం గారి మాటా నేను ఒప్పుకోను. ఎన్నికలు పెట్టకపోతే మున్సిపల్ ఆఫీసులు ఖాళీగా ఉండేవా? 1999 జూన్‌లో సెర్బియా బలగాలు వెళ్లిపోగానే, యూఎన్ వాళ్లు సర్దుకునే లోపే, అల్బేనియన్ల గెరిల్లా సైన్యం కేఎల్ఏ తాలూకు మనుషులు చాలా పట్టణాల్లో మేయర్లమని కుర్చీలెక్కి కూర్చున్నారు. వాళ్లను ఎవరూ ఎన్నుకోలేదు. యుద్ధం చేశాం కాబట్టి మాదే అన్నారు. మరుసటి ఏడాది మొదట్లో కాగితం మీద ఆ ఏర్పాటును రద్దు చేసి ఉమ్మడి యంత్రాంగం అన్నారు గానీ, పలుకుబడి మాత్రం వాళ్లదే. దాన్ని దించింది ఆ అక్టోబర్ ఓటే. శాంతియుతంగా పోరాడిన ఇబ్రహీం రుగోవా పార్టీ ఎల్‌డీకేకు 58 శాతం వచ్చింది. కేఎల్ఏ నాయకుడు హాషిం థాచి పార్టీ పీడీకేకు 27 శాతం. తుపాకీ పట్టినవాళ్ల కంటే పట్టనివాణ్ణి జనం రెండింతలు ఎక్కువగా ఎంచుకున్నారు. ఆలస్యం చేసి ఉంటే లాభపడేది సెర్బులు కాదు, ఆ స్వయంప్రకటిత మేయర్లే.

కృష్ణాతీరం:
అది అల్బేనియన్ల ఇంటి లెక్క సరళ గారూ. మరి సెర్బులకేం దక్కింది? సెర్బులు ఎక్కువగా ఉండే ఉత్తరాది లెపొసావిచ్, జ్వెచాన్, జుబిన్ పోతోక్‌లలో ఫలితాలే ధ్రువీకరించలేదు. యూఎన్ ప్రతినిధి బెర్నార్డ్ కుష్నేర్ సభ్యుల్ని నామినేట్ చేశాడు. మిగతా చోట్ల కూడా మైనారిటీలకు కొన్ని సీట్లు నామినేషన్ మీదే. ఎన్నికైనవాడి పక్కన నామినేటెడ్ మనిషి కూర్చుంటే వాడి మాటకు విలువెంత? తన వాళ్లే వాణ్ణి అమ్ముడుపోయాడంటారు.

పావని:
మహిళల సంగతి ఎవరూ ఎత్తరేం? జాబితాల్లో పైన ఉండే పేర్లలో మూడో వంతు మహిళలవి ఉండాలని నిబంధన పెట్టారు. ఓటరు అభ్యర్థి పేరు చూసి వేసే పద్ధతి కావడంతో గెలిచిన మహిళలు పదో వంతు కూడా లేరు. బహిష్కరణ లేని చోట కూడా అందరూ లోపలికి రాలేదు.

డల్లాస్ రవి:
"తిరిగి వచ్చాకే ఓటు" అనేవాళ్లు బోస్నియా చూడాలి. 1997 స్థానిక ఎన్నికల్లో, పారిపోయినవాళ్లు కూడా 1991లో తామున్న ఊరికి ఓటేయొచ్చన్నారు. ద్ర్వార్ అనే పట్టణంలో అప్పటికి క్రొయేషియన్లు పాతుకుపోయారు. బయటున్న సెర్బుల ఓట్లతో సెర్బు మేయర్ గెలిచాడు. 1998 ఏప్రిల్‌లో అల్లరిమూకలు ఆయన్ని చావగొట్టి, తిరిగొచ్చినవాళ్ల ఇళ్లు తగలబెట్టాయి. ఓటు హక్కు ఇవ్వడం వేరు, ఆ కుర్చీలో బతికి కూర్చోనివ్వడం వేరు.

మోడరేటర్:
మన రెండు రాష్ట్రాల పార్టీలను లాగిన పోస్టులు తీసేశాం. విషయం మీదే ఉండండి.

బెజవాడ బాబ్జీ:
తీసింది నాదే. సరే, కొసోవో గురించే అడుగుతా. అంత బాధ ఉంటే సెర్బులు ఓటేసి లోపలికెళ్లి కొట్లాడొచ్చుగా? 2001 అసెంబ్లీ ఎన్నికల్లో వేశారు కదా, 120లో 22 సీట్లు వచ్చాయి. అంటే వెళ్లడం కుదిరింది. 2000లో సెర్బియా రాజధాని బెల్గ్రేడ్ మాట విని ఆగిపోయారు, అంతే.

ఓరుగల్లు సరళ:
బెల్గ్రేడ్‌లో ఆ నెలే అధ్యక్షుడు మిలోషెవిచ్ పడిపోయాడు, అక్టోబర్ 5న. కొత్తగా వచ్చినవాళ్లు కుదురుకోవడానికి మూడు వారాలు చాలవు. 2001లో ఓటేయమన్నది కూడా బెల్గ్రేడే. కాబట్టి "కుదిరింది" అనడంలో సగమే నిజం.

నా వాదన ఇదీ. 2000లో గెలిచిన కౌన్సిళ్లకు చెయ్యి కట్టేసి ఉంది. అన్మిక్ తెచ్చిన 2000/45 నిబంధన ప్రకారం వాళ్ల నిర్ణయాల్ని యూఎన్ ప్రతినిధి రద్దు చేయొచ్చు. మెజారిటీ గెలిచి మైనారిటీ స్కూలు మూసేస్తామన్నా ఆయన ఆపొచ్చు. ఒక వర్గం రాని ఎన్నిక పెట్టాల్సి వస్తే, పైన బ్రేకు ఉన్నప్పుడే పెట్టాలి. బ్రేకు పోయాక ఏమైందో 2023లో చూశాం. కార్లకు సెర్బియా నంబర్ ప్లేట్లు మార్చాలన్న గొడవతో ఉత్తరాది సెర్బు మేయర్లు 2022 నవంబర్‌లో రాజీనామా చేశారు. ఏప్రిల్ 23న ఉపఎన్నిక పెడితే పోలింగ్ 3.47 శాతం. నాలుగు చోట్లా మూడంకెల ఓట్లతో అల్బేనియన్ మేయర్లు గెలిచారు. మే నెలలో పోలీసులు వాళ్లను ఆఫీసుల్లోకి ఎక్కించారు. మే 29న జ్వెచాన్ మున్సిపల్ ఆఫీసు ముందు జరిగిన కొట్లాటలో పదుల సంఖ్యలో నాటో సైనికులు గాయపడ్డారు. చట్టం ప్రకారం అంతా సక్రమమే.

కృష్ణాతీరం:
బ్రేకు వేసేవాడు ఎవరికి జవాబుదారీ మరి? కుష్నేర్‌ని కొసోవోలో ఎవరూ ఎన్నుకోలేదు. మీరు దించాలన్న స్వయంప్రకటిత మేయర్లనీ ఎవరూ ఎన్నుకోలేదు.

డల్లాస్ రవి:
బోస్నియాలోనే బ్రిచ్కోలో అంతర్జాతీయ పర్యవేక్షకుడు ముందు పరిపాలన, పోలీసు, స్కూళ్లు ఒకటి చేయించి, 2004లో గానీ ఎన్నిక పెట్టనివ్వలేదు. అక్కడ సెర్బులు, క్రొయేషియన్లు, బోస్నియాక్ ముస్లింలు మూడు వర్గాలూ కౌన్సిల్‌లో కూర్చున్నాయి. అంతదాకా నామినేటెడ్ అసెంబ్లీయే నడిపింది.

కృష్ణాతీరం:
రవి గారూ, అదే నేను మొదటి నుంచీ అంటున్నది. కొసోవోకు ఆ నాలుగేళ్లు ఎందుకివ్వలేదు?

ఓరుగల్లు సరళ:
బ్రిచ్కో ఒక్క పట్టణం, చుట్టూ పల్లెలు. కొసోవో 30 మున్సిపాలిటీలు, ప్రతి చోటా కుర్చీ మీద అప్పటికే ఒకడున్నాడు. ఆ నాలుగేళ్లు వాళ్ల చేతికే ఇచ్చేవాళ్లా? దానికి జవాబు చెప్పండి ముందు.