‘ప్రతిబింబ నిరోధక పూత’లో నాకు నచ్చిన మాట ‘పూత’ ఒక్కటే

కెమెరా లెన్సుల మీద, వాటి ముందు బిగించే ఫిల్టర్ అనే గాజు బిళ్లల మీద వేసే యాంటీ రిఫ్లెక్టివ్ కోటింగ్‌ని తెలుగులో ఏమనాలని నిన్న ఒకరు అడిగారు. కొందరు ‘కళాయి’ అన్నారు, ఎక్కువమంది ‘ప్రతిబింబ నిరోధక పూత’ అన్నారు. విజయనగరంలో ముప్పై ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నాను, ఈ మాటతో నాకు రెండు ఇబ్బందులున్నాయి.

మొదటిది ‘ప్రతిబింబం’. వెలుగు అద్దాన్ని తాకి వెనక్కి మళ్లడం పరావర్తనం, దానివల్ల అద్దంలో కనిపించే రూపం ప్రతిబింబం అని బడిలో చదువుకున్నాం. లెన్సు ఏర్పరచే రూపాన్నీ ప్రతిబింబమే అంటాం, లెన్సు ఉన్నదే అందుకు. పూత తగ్గించేది పరావర్తనాన్ని.

రెండోది ‘నిరోధక’. ఆ మాట వింటే పూత వెలుగుకి అడ్డం పడుతుందనిపిస్తుంది. నిజానికి పూత లేనప్పుడే వెలుగు పోతుంది. గాజూ గాలీ కలిసే ప్రతి ముఖం దగ్గరా సుమారు 4 శాతం వెనక్కి మళ్లుతుంది. ఫిల్టర్‌కి రెండు ముఖాలు కాబట్టి దాదాపు 8 శాతం. అలాంటి ముఖాలు పది ఉన్న లెన్సులో మూడో వంతు వెలుగు చివరిదాకా చేరదు. అలా మళ్లిన వెలుగులో కొంత లోపలే అటూ ఇటూ తిరిగి ఫోటో మీద పడుతుంది కూడా. ఒకసారి పైడితల్లి అమ్మవారి పండగ రాత్రి, పూత లేని చవక ఫిల్టర్ బిగించి కోట దగ్గర దీపాల అలంకరణ తీశాను. కింద ఉన్న ప్రతి బల్బుకీ జోడీగా పైన ఆకాశంలో ఒక మసక చుక్క పడింది. కెమెరా లోపల ఫోటోని పట్టే సెన్సర్ మీంచి మళ్లిన వెలుగు ఫిల్టర్‌కి తగిలి మళ్లీ సెన్సర్ మీదికే వచ్చింది. మా పక్కింటి మామ్మ ఫోటో చూసి, ‘ఏటి బాబూ, మబ్బుల్లో కూడా దీపాలెట్టేరా?’ అని అడిగింది.

మరి పూత ఏం చేస్తుంది? అన్నిటికన్నా సాదా పూతలో గాజు మీద సుమారు 100 నానోమీటర్ల మందాన మెగ్నీషియం ఫ్లోరైడ్ పొర వేస్తారు. పొర పైముఖం నుంచి ఒక వెలుగు అల, అడుగు నుంచి ఒక అల వెనక్కి మళ్లుతాయి. పచ్చ వెలుగులో రెండోది సరిగ్గా సగం అల వెనకబడుతుంది కాబట్టి ఒకదాని ఎత్తు రెండోదాని పల్లంలో పడి రెండూ చాలావరకు చెల్లిపోతాయి. ఆ మేరకు వెలుగు లోపలికి వెళ్తుంది. ముల్లుని ముల్లుతో తీయడమంటే ఇదే. అందుకే ‘నిరోధక’ కన్నా మన ‘విరుగుడు’ ఇక్కడ అతుకుతుంది. ‘తళుకు విరుగుడు పూత’ అంటే ఎలా ఉంటుంది?

‘కళాయి’ అన్నవారికి ఒక మాట. బుడితి ఇత్తడి చూసి పెరిగిన మనకి ఆ మాట దగ్గరే. కానీ కళాయి అంటే పులుపు తగలకుండా గిన్నె లోపల వేసే తగరం. అది గిన్నెకి మెరుపు తెస్తుంది, ఇది గాజు మెరుపు తగ్గిస్తుంది. ఇక్కడ వద్దు.

— బాబాయ్ గారూ, మాది పలాస. మా ఇళ్లలో పూత అంటే జీడి పూతే. లెన్సుకి పూత అంటే మా అమ్మ పువ్వులనుకుంటుంది. కోటింగ్ అనేస్తే పోదా?

— అమ్మా, మీ అమ్మగారు అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు. చెట్టు పూసింది, గంధం పూసింది. రెండింటికీ మనది ఒకటే రూపం. విచిత్రమేమిటంటే బ్రిటన్‌లో కూడా పూత వేసిన లెన్సుని ‘బ్లూమ్డ్ లెన్స్’ అనేవారు, బ్లూమ్ అంటే పూయడమే. పాతబడి రంగు మారిన లెన్సులు కొత్తవాటికన్నా ఎక్కువ వెలుగు పంపుతున్నాయని 1890లలో అక్కడి లెన్సుల రూపకర్త డెన్నిస్ టేలర్ గమనించారు. కాలం వేసిన ఆ పొరని కావాలని వేయడం తర్వాత నేర్చుకున్నారు. 1935లో జర్మనీలోని జైస్ లెన్సుల కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా చేసింది అదే. సముద్రాల అవతల వాళ్లకి తోచిన పోలిక మన మాటలో ముందే ఉంటే, దాన్ని వదులుకోవడానికి నాకు మనసొప్పదు.

షాపులో నేనూ కోటింగ్ అనే అడుగుతాను. రాసేటప్పుడు మాత్రం పూత అనే రాస్తాను. మీ అమ్మగారికి లెన్సుని కాస్త వంచి చూపించండి. ఒకే పొర ఉన్న పూత అయితే పచ్చ వెలుగు బాగా చెల్లిపోయి, మిగిలిన ఎరుపూ నీలమూ కలిసి వంకాయ రంగు ఛాయ కనిపిస్తుంది. పూత అంటే అదేనని చెప్పండి.

ఇంకొకటి మిగిలింది. మబ్బుల్లో పడ్డ ఆ దీపాల్ని మేం ‘ఘోస్ట్’ అంటాం. దానికి మీ వైపు ఏదైనా మాట ఉందా?