చాపర్ సైకిల్‌కు ఇంజిన్ పెట్టాలంటే: ఫోర్కు, స్ప్రాకెట్, బ్రేకుల మీద చర్చ

గేజ్16:
ముందు ఫోర్కు పొడవుగా ఉండి ముందుకు వాలిన చాపర్ సైకిల్ చేయాలని నా ప్లాన్ ఇదండి. 26 అంగుళాల పాత ఇనుప ఎంటీబీ (మౌంటెన్ బైక్) ఫ్రేమ్, సస్పెన్షన్ లేనిది. ముందు ఫోర్కు 300 మి.మీ. పొడవు పెంచాలి. ఏప్ హ్యాంగర్ (బాగా ఎత్తైన) హ్యాండిల్, బనానా సీటు, వెనక వీపు ఆనే సిస్సీ బారు. ఇంజిన్ 80 సీసీ టూస్ట్రోక్ చైనా కిట్. ఫోర్కు కాళ్లు కోసి మధ్యలో పైపు ముక్క అతికితే చాలా, ఫ్రేమ్ కూడా కోయాలా? ముందు ఏ పని మొదలుపెట్టాలి?

లేతు_పని:
ముందు ఫోర్కు, తర్వాత బ్రేకులు, ఇంజిన్ చివర. తోసుకుంటూ పోయినా తిన్నగా నడవని సైకిల్ ఇంజిన్ పెడితే నడవదు.

ఫ్రేమ్ ముట్టుకోకుండా ఫోర్కు ఒక్కటే పెంచితే, చక్రాల మధ్య 1080 మి.మీ. ఉన్న సైకిల్‌లో ప్రతి 20 మి.మీ.కు హెడ్ కోణం (ఫోర్కు తిరిగే హెడ్ పైపు నేలతో చేసే కోణం) దాదాపు 1 డిగ్రీ వాలుతుంది. 300 పెంచితే 70 డిగ్రీలు కాస్తా 55కు వస్తుంది. సీటు పైపూ అంతే వెనక్కి వాలుతుంది, పెడల్ ఇరుసు 100 మి.మీ.కు పైగా లేస్తుంది. ఆగినప్పుడు కాలు నేలకు అందదు.

అందుకే హెడ్ పైపు కోసి కొత్త కోణంలో అతకాలి. పెడల్ ఇరుసు ఎత్తు 290–300 దగ్గరే ఉంచి 55 డిగ్రీలు పెడితే ఫోర్కు 110 మి.మీ. పెరిగితే చాలు. మీకు పూర్తిగా 300 కావాలంటే హెడ్ పైపును ఇంకో 155 మి.మీ. పైకి జరపాలి. చూపు బాగుంటుంది గానీ డౌన్ ట్యూబు (హెడ్ పైపు నుంచి పెడల్ ఇరుసుకు దిగే పైపు), పై పైపు రెండూ కొత్తవి వేయాల్సిందే.

ఇంకా ముఖ్యమైనది ట్రెయిల్. హెడ్ పైపు గీతను నేల దాకా పొడిగిస్తే తగిలే చోటికీ, టైరు నేలను తాకే చోటికీ మధ్య దూరం అది. మామూలు సైకిల్‌లో (70 డిగ్రీలు, చక్రం ఇరుసు ఆ గీతకు 45 మి.మీ. ముందుకు) ట్రెయిల్ 72 మి.మీ. అదే 45 ఉంచి కోణం 55 చేస్తే 176 అవుతుంది. అప్పుడు నెమ్మదిగా పోయేటప్పుడు హ్యాండిల్ తనంతట తనే పక్కకు పడిపోతుంది, రెండు చేతులతో పట్టి లాగాల్సి వస్తుంది. ట్రెయిల్‌ను 110కి దించాలంటే ఇరుసు 99 మి.మీ. ముందుకు ఉండాలి. 60 ఫోర్కు కాళ్లను పట్టే ప్లేట్లలో, 39 కింద డ్రాప్‌అవుట్లలో (ఇరుసు కూర్చునే గాళ్లలో) తీసుకోండి.

పాతఇనుము:
కాళ్లు కోసి నడుమ ముక్క పెట్టుడు వద్దన్నా. అతుకు సరిగ్గా వంగుడు బలం ఎక్కువుండే చోట పడ్తది. పూర్తి పొడవు కొత్త పైపు తీసుకో: 28.6 మి.మీ. బయటి కొలత, 2 మి.మీ. మందం, అంటే 14 గేజ్ ఈఆర్‌డబ్ల్యూ (అంచులు కలిపి అతికిన ఇనుప పైపు). 16 గేజ్ ఫ్రేమ్‌కు నడుస్తది, ఫోర్కుకు నడ్వది. ఫ్రేమ్‌ల అతుకు తప్పకపోతే లోపల గట్టిగ పట్టే పైపు ముక్క 100 మి.మీ. పొడుగు దించాలె. బయటి పైపుకు 8 మి.మీ. రంధ్రాలు నాలుగు కొట్టి వాటిని వెల్డుతో నింపి, ఆ తర్వాతే చుట్టూ అతుకు వెయ్యాలె. అంచుల మధ్య 2 మి.మీ. సందు వదులు, అప్పుడే వెల్డు లోపలికి దిగుతది.

నీళ్ల జీఐ పైపు అసలే వాడొద్దు. వెల్డింగ్‌ల జింక్ పొగ ఊపిరితిత్తులకు పోతది, అతుకుల బుడగలు పడ్తయి. క్రోమ్ పూత ఉన్న పాత ఫోర్కైతే అతికే చోట గ్రైండ్ చేసి పూత లేని ఇనుము కనపడేదాక తియ్యి.

లేతు_పని:
పాతఇనుము గారు చెప్పింది సరైనది. ఇంత పొడవు ఫోర్కుకు ఒక్క క్రౌన్ (కాళ్లను పైన కలిపే అడ్డ ముక్క) చాలదు. హెడ్ పైపుకు పైనా కిందా రెండు ప్లేట్లు ఉండాలి. కింద 10 మి.మీ., పైన 8 మి.మీ. ఎంఎస్ ప్లేటు. రెండిటినీ కలిపి బిగించి ఒకేసారి రంధ్రాలు బోరు చేయించండి. విడివిడిగా చేస్తే కాళ్లు సమాంతరంగా రావు, చక్రం ఒక పక్కకు చూస్తుంది. కాళ్ల మధ్య దూరం హబ్బును బట్టే కాదు, టైరును బట్టి కూడా చూసుకోవాలి. 2.125 టైరు వెడల్పు 54 మి.మీ. వస్తుంది, ఇరువైపులా 8 మి.మీ. అయినా ఖాళీ కావాలి.

వెల్డింగ్ ముందు అన్నిటికీ టాకులు (చిన్న చుక్క వెల్డులు) మాత్రమే కొట్టి, చక్రాలు ఎక్కించి, వెనక నుంచి దారం పట్టి చూడండి. ఆ తర్వాత ఎదురెదురు వైపులా కొంచెం కొంచెంగా వెల్డు చేయాలి. ఒక పక్కే లాగించేస్తే వేడికి హెడ్ పైపు తిరిగిపోతుంది.

రెండుస్ట్రోకులు:
ఇంజిన్ మాటకొస్తే, 80 సీసీ అని అమ్మేది 47 మి.మీ. బోరు, 38 మి.మీ. స్ట్రోకు. లెక్క కట్టండి, 66 సీసీ. లోపలి గేరు 4.1, ఇంజిన్‌కు 10, వెనక చక్రానికి 44 పళ్ల స్ప్రాకెట్లతో (చైన్ పళ్ల చక్రాలతో) మొత్తం 18. అంటే 5000 ఆర్‌పీఎం దగ్గర 26 అంగుళాల చక్రానికి గంటకు 34 కి.మీ. 36 పళ్ల స్ప్రాకెట్ వేస్తే 42 వస్తుంది, కానీ బయలుదేరేటప్పుడు పెడల్ గట్టిగా తొక్కాలి, క్లచ్ త్వరగా అరుగుతుంది. చాపర్ లుక్ కోసం వెనక 20 అంగుళాల చక్రం వేసేవాళ్లకు 36 పళ్లే సరైనది. 44 పెడితే అదే 5000కు 26 కి.మీ. మాత్రమే.

వెనక స్ప్రాకెట్ కిట్‌తో వచ్చే రబ్బరు బిళ్లలతో పుల్లలకు బిగిస్తారు. తొమ్మిది బోల్టులు, 36 పుల్లల చక్రం ఉంటేనే కుదురుతుంది. పుల్లలు 12 గేజ్ (2.6 మి.మీ.) వేయించండి, మామూలు 14 గేజ్ (2.0) వంపు దగ్గర తెగుతాయి. బోల్టులు నక్షత్రం ఆకారంలో ఎదురెదురుగా బిగిస్తూ, ఫ్రేమ్‌కు ఒక సూది కట్టి చక్రం తిప్పండి. పక్కకు ఊగు 1 మి.మీ., పైకి కిందకు 0.5 మి.మీ. దాటకూడదు. దాటితే చైన్ ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వదులవుతుంది. చైన్ పడిపోవడానికి మూలం ఎక్కువసార్లు ఇదే. చైన్‌ను నిందించి లాభం లేదు.

పాతఇనుము:
నేనైతే పుల్లల మీద వేలాడేసుడుకు ఒప్పుకోను. హబ్బు మధ్యభాగాన్ని రెండు ముక్కల అడాప్టర్‌తోని పట్టాలె. హబ్బు వ్యాసం వెర్నియర్‌తో కొలిచి లేతు మీద చేపిస్తే ఊగు అసలే రాదు. కోస్టర్ బ్రేకు (పెడల్ వెనక్కి తొక్కితే పట్టేది) హబ్బు మాత్రం తీసుకోవద్దు, దాని బ్రేకు చెయ్యి, ఇంజిన్ స్ప్రాకెట్ రెండూ ఎడమపక్కనే ఉంటయి.

రెండుస్ట్రోకులు:
అడాప్టర్ మేలే, ఒప్పుకుంటాను. కిట్‌లోని చైన్ టెన్షనర్ అంతకంటే ప్రమాదం. అది చైన్‌స్టే పైపుకు (పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసుకు పోయేదానికి) క్లాంపుతో ఉంటుంది. లాగుడుకు క్లాంపు తిరిగి పుల్లల్లోకి వెళ్తే వెనక చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. చైన్‌స్టేకు చిన్న పట్టీ వెల్డు చేసి దానికి బోల్టు వేయండి. ఇంకా మంచిది, హాఫ్ లింకుతో (చైన్‌కు వేసే అర కొక్కెంతో) పొడవు సరిపెట్టి, వెనక ఇరుసు జరిపి, టెన్షనర్ లేకుండా చేయడం. చైన్ మధ్యలో నొక్కితే 12 మి.మీ. దాకా ఆడాలి.

ఇంజిన్ కింద రబ్బరు పెట్టొద్దు. అదురు తగ్గుతుందని పెడతారు, కానీ ఇంజిన్ కదిలి మౌంటు స్టడ్లు విరుగుతాయి. ఎంటీబీ డౌన్ ట్యూబు లావుగా ఉంటుంది, కిట్ క్లాంపు అందదు. యూ-బోల్టుతో నొక్కితే పల్చటి పైపు నొక్కుకుపోతుంది. పైపుకు వంపు తీసిన 6 మి.మీ. ప్లేటు వెల్డు చేసి దానికి ఎం8 స్టడ్లు బిగించండి, నీలం లాక్‌టైట్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) వేసి.

హెడ్ నట్లు ఎం8 అయితే మూడు విడతల్లో, అడ్డంగా మార్చుకుంటూ, 16 న్యూటన్ మీటర్ దాకా. సైలెన్సర్ వైపు స్టడ్లు అదురుకు విరుగుతాయి కాబట్టి సైలెన్సర్ చివరను ఫ్రేమ్‌కు పట్టీతో కట్టాలి. చాపర్‌లో సైలెన్సర్ పొడవు పెట్టేవాళ్లకు ఇది మరీ అవసరం.

నడిపే ముందు గాలి లీకు పరీక్ష చేయండి. కార్బ్యురేటర్ విప్పి, ఆ మూతినీ సైలెన్సర్ మూతినీ మూసి, ప్లగ్గు రంధ్రంలో గొట్టం పెట్టి, 5 పీఎస్ఐ మాత్రమే గాలి పట్టి, అతుకులకు సబ్బు నీళ్లు రాయాలి. బుడగలు వస్తే ఇంజిన్‌లోకి పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ పోతుంది. వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.

ఆయిల్: మొదటి ట్యాంకులకు లీటరుకు 50 మి.లీ. టూటీ ఆయిల్, తర్వాత 40. పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది కాబట్టి కలిపిన పెట్రోల్‌ను నెలల తరబడి ట్యాంకులో ఉంచొద్దు. తేమ పీల్చి నీళ్లు అడుగున చేరతాయి, అందులో ఆయిల్ ఉండదు.

ఇంజిన్, ఇగ్నిషన్ పెట్టె వైర్లు: నీలం నీలానికి, నలుపు నలుపుకు. తెల్ల వైరును కిల్ స్విచ్‌కు (ఇంజిన్ ఆపే మీటకు) కలపకండి, చివర టేపు చుట్టి వదిలేయండి. లైట్లకు వేరే బ్యాటరీ పెట్టుకోండి.

రూల్_బుక్కు:
ఇదంతా రోడ్డు మీద నడపడానికైతే ఆగండి. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 2(28) ప్రకారం నాలుగు చక్రాల కంటే తక్కువ ఉండి ఇంజిన్ 25 సీసీ మించనిది మాత్రమే మోటారు వాహనం కిందికి రాదు. 66 సీసీ కచ్చితంగా వస్తుంది. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, లైసెన్సు కావాలి, ఇంట్లో చేసినదానికి ఆ కాగితాలు దొరికే దారి లేదు. పొలం, సొంత స్థలం లోపలే నడపాలి.

ఎలక్ట్రిక్ అయితే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2(యు) ప్రకారం మోటారు వాహనం కాకుండా ఉండాలంటే: మోటారు 30 నిమిషాల పవరు (అరగంట పాటు ఆగకుండా ఇవ్వగలిగేది) 0.25 కిలోవాట్ల కంటే తక్కువ, వేగం గంటకు 25 కి.మీ. లోపు, ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్రది. దాన్ని పరీక్షా సంస్థ ధ్రువీకరించాలన్న షరతు కూడా ఉంది. కిట్ కొనేటప్పుడు ఆ సర్టిఫికెట్ కాపీ అడగండి.

వోల్ట్36:
నా ఓటు ఎలక్ట్రిక్‌కేనండి. చాపర్‌కు వెనక హబ్బు మోటారు (చక్రం మధ్యలోనే ఉండేది) బాగా కుదురుతుంది, ఇంజిన్ బొమ్మలా కనిపించే పెట్టెలో బ్యాటరీ దాచేయొచ్చు. 36 వోల్టులు అంటే 10 సెల్లుల వరస, నిండితే 42, ఖాళీ అయితే 30. 2.6 ఏహెచ్ సెల్లులు నాలుగు వరసలైతే 10.4 ఏహెచ్, సుమారు 375 వాట్ అవర్లు. నిటారుగా కూర్చుని థ్రాటిల్ మీదే పోతే కిలోమీటరుకు 13–15 వాట్ అవర్లు తింటుంది, 25 కి.మీ. లెక్కేసుకోండి.

చూసుకోవాల్సినవి: మోటారు ఇరుసు వెడల్పు 135 మి.మీ. ఎంటీబీ ఫ్రేమ్‌కు సరిపోతుంది, పాత డబుల్ బార్ సైకిల్‌కు సరిపోదు. ఇరుసు చదును భాగం 10 మి.మీ., దాన్ని పట్టే టార్క్ ఆర్మ్ 4 మి.మీ. ఇనుముది కచ్చితంగా ఉండాలి. లేకపోతే ఇరుసు డ్రాప్‌అవుట్‌లో తిరిగి వైర్లను మెలిపెట్టి తెంపేస్తుంది. 20 అంగుళాల చక్రానికి మోటారు కొంటే 25 కి.మీ. దగ్గర 265 ఆర్‌పీఎం కావాలి, 26 అంగుళాలకు 200 చాలు. ఒక సైజు మోటారును ఇంకో రిమ్ములో అల్లితే వేగం తేడా వస్తుంది. బ్యాటరీ పాజిటివ్‌లో 30 ఆంపియర్ ఫ్యూజు బ్యాటరీకి అతి దగ్గర్లో ఉండాలి. మోటారు వైరు ఇరుసు దగ్గర కిందకు వంగి పైకి వెళ్లాలి, వాన నీరు వైరు వెంట లోపలికి పోకుండా.

గేజ్16:
అందరికీ థ్యాంక్స్. అయితే 55 డిగ్రీలు, ఫోర్కు 110 మాత్రమే, రెండు ప్లేట్లు, రోడ్డుకు హబ్బు మోటారు. బ్రేకుల సంగతి? ముందు వీ-బ్రేకు (రిమ్మును రబ్బరుతో నొక్కేది) ఒక్కటి సరిపోతుందా?

పాతఇనుము:
చాలదు. ముందు చక్రం దూరం జరిగినకొద్దీ బరువంతా వెనక చక్రం మీదికి పోతది. ముందు బ్రేకు గట్టిగ పడితే ముందు టైరు జారుతది. అందుకే చాపర్‌ల వెనక బ్రేకు మామూలు సైకిల్ కంటె ఎక్కువ పనిచేస్తది, అదే బలంగ ఉండాలె. వెనక 160 మి.మీ. డిస్క్, ముందు డిస్కో 90 మి.మీ. డ్రమ్మో. స్టీలు రిమ్ము మీద రబ్బరు బ్రేకు వానల పట్టది. డిస్క్ కాలిపర్ ట్యాబు వెల్డు చేసేటప్పుడు రోటర్, కాలిపర్ ఎక్కించి టాకు వెయ్యి, విడిగ అంచనాతోని వేస్తే ప్యాడ్ ఒక్క పక్కనే అరుగుతది.

లేతు_పని:
ఒక్కటి మర్చిపోకండి. ఏప్ హ్యాంగర్ నుంచి వెనక్కి కేబుల్ 2 మీటర్లు దాటుతుంది. సైకిల్ కేబుల్ లోపలి తీగ 1.5 మి.మీ., అంత పొడవుకు సాగి లివరు హ్యాండిల్‌కు తగిలేస్తుంది. మోపెడ్ వాడే 2 మి.మీ. తీగ, లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్న బయటి కేబుల్ తీసుకోండి. మలుపులు వెడల్పుగా ఉండాలి. హ్యాండిల్ రెండు పక్కలా చివరి దాకా తిప్పి, కేబుల్ ఎక్కడా బిగుసుకోలేదని చూసుకున్నాకే అదనపు పొడవు కోయండి.