"పాకుడు మొక్క" అనవచ్చునా? నీటి అంచున అల్లుకునే అక్వేరియం తీగ పేరు గురించి

ప్రశ్న (రాజోలు నుంచి): మా ఊరి మురుగు కాలువ గట్టున గుండ్రటి చిన్న ఆకుల తీగ ఒకటి నీటిమీదికి అల్లుకుంటున్నది. అక్వేరియం దుకాణాలలో అమ్మే మొక్కే ఇదని కొందరు, సరస్వతి ఆకు అని కొందరు అంటున్నారు. ఊరి మొక్కల జాబితాలో దీనిని "పాకుడు మొక్క" అని వ్రాయవచ్చునా?

సమాధానం: పాకుతుంది కాబట్టి పాకుడు మొక్క అన్నారు, వ్యాకరణపరంగా తప్పు లేదు. కాని గోదావరి జిల్లాలలో పాకుడు అనగానే రేవు మెట్లమీద కాలు జారేటట్టు పట్టే పచ్చటి జిగురే మనసుకు వస్తుంది గాని, కణుపు కణుపునా వేళ్లు దించుకుంటూ సాగే తీగ రాదు. నాచు అన్నా ఇదే చిక్కు. నీట మునిగి పెరిగే మొక్కలన్నింటికీ ఆ మాటను వాడేస్తున్నాము. "పాకే నీటితీగ" అని విడమరచి వ్రాయడం మేలు.

సరస్వతి ఆకు అనడం మాత్రం నాకు ఆందోళన కలిగిస్తున్నది, ఎందుకంటే ఆ పేరు వింటే మనవాళ్లు కోసుకువెళ్లి పచ్చడి చేసుకుంటారు. దాని శాస్త్రనామం సెంటెల్లా ఏషియాటికా. 1753లో లిన్నేయస్ దానిని హైడ్రోకోటైల్ ప్రజాతిలో చేర్చాడు, ఇప్పటి పేరు 1879 నాటిది. అక్వేరియంలలో పెంచే గుండ్రాకు తీగలు కొన్ని ఈనాటికీ హైడ్రోకోటైల్ ప్రజాతివే కనుక, చూసినవారు పొరబడటం సహజం.

ఆకును తిరగేసి కాడ ఎక్కడ అతుక్కున్నదో చూడండి. హైడ్రోకోటైల్ వర్టిసిల్లేటాలో కాడ గొడుగు కర్రలాగా ఆకు నడిమికి వచ్చి కలుస్తుంది. సరస్వతి ఆకులో మొదట్లోని గంటు దగ్గర కలుస్తుంది. అయితే గంటు ఉన్నంత మాత్రాన సరస్వతి ఆకేనని తేల్చకూడదు, హైడ్రోకోటైల్ ల్యూకోసెఫాలాకూ, రానన్‌క్యులాయిడిస్‌కూ గంటు ఉంటుంది. అప్పుడు కాడ మొదలు చూడాలి. సరస్వతి ఆకు కాడ అక్కడ వెడల్పై కణుపును చుట్టుకొని ఉంటుంది, హైడ్రోకోటైల్‌లో పలుచటి పత్రపుచ్ఛాలు, అంటే కాడ మొదట్లో ఉండే చిన్న రేకులు, కనిపిస్తాయి.

రానన్‌క్యులాయిడిస్ అని తేలితే విషయం తీవ్రమైనదే. అమెరికా ఖండం నుంచి మొక్కల వ్యాపారం ద్వారా బ్రిటన్ చేరి అక్కడి నదులను కమ్మేయడంతో, 2014లో ఇంగ్లండ్‌లో దాని అమ్మకాన్ని నిషేధించారు. కణుపు ఉన్న చిన్న ముక్క కొట్టుకుపోయినా మరోచోట వేళ్లూనుతుంది, కాలువలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న మన డెల్టాలో ఇది చిన్న సంగతి కాదు.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్కకు ఆకు రూపాన్ని పట్టి గుర్రపుడెక్క అని పేరు పెట్టుకున్నవాళ్లం మనం. ఆ పద్ధతిలోనే, కాడ నడుమ కలిసే రకమైతే "గొడుగాకు తీగ" అనవచ్చునని నా ప్రతిపాదన. గంటు ఉన్న రకాలకు ఆ పేరు చెల్లదు. ఆకు అడుగువైపు ఒకటి, కణుపు దగ్గర ఒకటి ఫొటోలు తీసి పెట్టండి. అంతవరకు జాబితాలో "హైడ్రోకోటైల్ కావచ్చు" అని మాత్రమే ఉంచి, ఆ ఆకును ఎవరూ కోసుకు తినకుండా ఊరిలో చెప్పండి.